తల్లిని విజిటర్ల జాబితాలోంచి తీసేయండి

నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ యూనిట్లను నడిపే డాక్టర్లకు, ఆసుపత్రి యాజమాన్యాలకు ఒక నర్సు బహిరంగ లేఖ

డాక్టరు గార్లకు, పరిపాలన చూసే పెద్దలకు నమస్కారం.

నేను ఎన్‌ఐసీయూ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దగ్గరే నా సర్వీసంతా గడిచింది. ఈ ఉత్తరం ఫలానా ఆసుపత్రి మీద ఫిర్యాదు కాదు. యూనిట్ తలుపు మీద ‘సందర్శన వేళలు’ అని బోర్డు పెట్టి, ఆ వేళలు తల్లికి కూడా వర్తిస్తాయనే ప్రతి చోటుకీ రాస్తున్నాను. కొన్నిచోట్ల పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు రానిస్తారు. కొన్నిచోట్ల అద్దం ఇవతల నుంచే చూసి వెళ్లిపోవాలి. ఇంకొన్నిచోట్ల లోపలికి రానిస్తారు గానీ ముట్టుకోనివ్వరు. పేరుకు మాత్రం అందరూ ‘కంగారూ కేర్ ఇస్తున్నాం’ అంటారు, అంటే బిడ్డను తల్లి గుండె మీద ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచడం. గోడ మీద పోస్టర్ కూడా ఉంటుంది.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. తల్లిని విజిటర్ల జాబితాలోంచి తీసేయండి. రాత్రీ పగలూ ఆమె ఎప్పుడొచ్చినా తలుపు తీయండి. బిడ్డ పక్కన ఆమెకు ఒక పడక వేయండి. పడకకు చోటు లేకపోతే వెనక్కి వాలే కుర్చీ వేయండి. జాలిపడి చేయమని అడగడం లేదు. అది వైద్యం కాబట్టి చేయమంటున్నాను.

ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరు 37 వారాలు నిండకముందే పుడుతున్నారు. 2020లో అలా పుట్టినవాళ్లు 1.34 కోట్ల మంది. అయిదేళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం ఈ తొందర కాన్పుల వల్ల వచ్చే ఇబ్బందులే. ఇవన్నీ మీకు తెలిసిన లెక్కలు. నేను చెప్పదలచుకున్నది ఆ పదో బిడ్డ తల్లి గురించి.

నెలలు తక్కువ కాన్పులో తరచూ జరిగేదేమిటంటే, బిడ్డను అందరికంటే ఆఖర్న చూసేది కన్నతల్లే. బీపీ పెరిగిపోయో, ఉమ్మనీరు ముందే పోయో, ఉన్నట్టుండి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. బిడ్డ ఏడ్చిందో లేదో తెలిసేలోపే ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్లో పెట్టి తీసుకుపోతారు. ఒక్కోసారి వేరే ఆసుపత్రికే తీసుకుపోతారు. తండ్రి చూస్తాడు, అమ్మమ్మ చూస్తుంది, బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నతనికి కూడా బిడ్డ బరువెంతో తెలుస్తుంది. కుట్ల నొప్పితో పడుకున్న తల్లికి ఫోన్లో ఒక ఫొటో చూపిస్తారు. చుట్టూ పక్క మంచాల మీద నెలలు నిండిన పిల్లలు ఏడుస్తుంటారు, వాళ్ల తల్లులు పాలిస్తుంటారు. ఈమె గోడవైపు తిరిగి పడుకుంటుంది.

రెండో రోజో మూడో రోజో వీల్‌చైర్లో మా దగ్గరికి వస్తుంది. చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గర నిలబడుతుంది. ఆ మొదటి రాకలో తల్లులు అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: “ముట్టుకోవచ్చా సిస్టర్?”

తన బిడ్డను ముట్టుకోవడానికి ఆమె పర్మిషన్ అడుగుతోంది. నన్నడిగితే, మనం నడిపే పద్ధతిలో తప్పెక్కడుందో చెప్పడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆమెకు ఎవరూ చెప్పకుండానే ఈ బిడ్డ ఇక్కడివాళ్లదనీ, తను బయటిమనిషిననీ అర్థమైపోయింది. నెల తర్వాత డిశ్చార్జ్ రోజున “ఇదిగోనమ్మా మీ బిడ్డ” అని చేతుల్లో పెట్టినంత మాత్రాన ఆ అభిప్రాయం చెరిగిపోదు. “సిస్టర్, ఇంట్లో మానిటర్ లేకుండా ఎలా?” అని వణికిపోతూ వెళ్లే తల్లులను గుమ్మం దాకా సాగనంపేది మేమే.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతీ కాదు. పారిస్‌లో నెలలు నిండని పిల్లల వైద్యానికి బాటలు వేసిన ప్రసూతి వైద్యుడు పియర్ బుదాఁ 1900 నాటికే దీన్ని గమనించి రాశాడు. బిడ్డ అవసరాలు చూసుకునే అవకాశం లేకపోయిన తల్లుల్లో కొందరికి ఆ బిడ్డ మీద ఆసక్తే పోతోందని, వదిలేసి వెళ్లిపోతున్నారని. అందుకే తల్లులు వచ్చి పాలివ్వాలని ఆయన పట్టుబట్టాడు. ఆ తర్వాత కథ ఎటు పోయిందో చూడండి. అమెరికాలో కోనీ ఐలాండ్ అనే వినోద కేంద్రంలో 1903 నుంచి 1943 దాకా మార్టిన్ కూనీ అనే ఆయన ఇంక్యుబేటర్లలో నెలలు నిండని పిల్లలను ఉంచి, జనానికి టికెట్ పెట్టి చూపించాడు. టికెట్ 25 సెంట్లు. ఆ డబ్బుతోనే పిల్లలకు వైద్యం చేసి, ఆసుపత్రులు చేతులెత్తేసిన వేలమందిని బతికించాడు, ఆ పుణ్యం ఆయనకు దక్కాల్సిందే. కానీ అద్దం వెనక బిడ్డను పెట్టి అద్దం ముందు మనుషులను నిలబెట్టే ఏర్పాటు మాత్రం తర్వాత ఆసుపత్రుల్లో కూడా స్థిరపడిపోయింది. ఇన్ఫెక్షన్ భయంతో తల్లిని కూడా అద్దం ముందే నిలబెట్టారు.

ఆ భయం ఎంత నిజమో తేల్చుకుందామని 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తల్లులను లోపలికి రానిచ్చి, బిడ్డలను ముట్టుకోనిచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు. ఆ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. మన తలుపుల మీద బోర్డులు మాత్రం అలాగే ఉన్నాయి.

తలుపులు తీసినవాళ్లలో కొందరు తీయక తప్పక తీశారు. కొలంబియా రాజధాని బొగొటాలోని మాతాశిశు ఆసుపత్రిలో 1978లో ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కోదాంట్లో ఒకరికి మించి పిల్లలను పెడుతుంటే ఇన్ఫెక్షన్లు పాకి పిల్లలు చనిపోతున్నారు, తల్లులు కొందరు పిల్లలను వదిలేసి వెళ్లిపోతున్నారు. ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు, ఆయన తర్వాత హెక్టర్ మార్టినెజ్ కలిసి పిల్లలను నేరుగా తల్లుల గుండెల మీద కట్టడం మొదలుపెట్టారు. మనం కంగారూ మదర్ కేర్ అంటున్నది అక్కడ పుట్టిందే. ఆ మరుసటి ఏడాది ఎస్తోనియాలోని తాలిన్‌లో అదిక్ లెవిన్ అనే డాక్టరు నర్సులు చాలక తల్లులకే పిల్లల సంరక్షణ అప్పగించాడు. రెండుచోట్లా లేమిలోంచే పుట్టింది. అందుకే కాబోలు, ‘డబ్బు లేనివాళ్ల పద్ధతి’ అనే చిన్నచూపు దానికి చాలా ఏళ్లు అంటుకుని ఉంది. మంచి పరికరాలున్న యూనిట్లలో ఇప్పటికీ ఆ చూపు పోలేదని నాకు గట్టి నమ్మకం. వెంటిలేటర్ కొన్న రోజున ఫొటోలు దిగుతాం. కంగారూ కుర్చీ కొన్న రోజున ఎవరైనా ఫొటో దిగారా?

‘బిడ్డ స్టేబుల్ అయ్యాక ఇస్తాం’ అనేది మీరు చెప్పే మాట. ఆ మాటకు 2021లోనే జవాబు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘానా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని అయిదు ఆసుపత్రుల్లో ఒక పెద్ద ట్రయల్ జరిగింది. కిలో నుంచి కిలో 799 గ్రాముల మధ్య పుట్టిన 3,211 మంది పిల్లలను తీసుకున్నారు. సగం మందికి పాత పద్ధతి: ముందు ఇంక్యుబేటరో వార్మరో, నిలదొక్కుకున్నాక కంగారూ. మిగతా సగానికి పుట్టిన వెంటనే తల్లి గుండె మీద. దానికోసం యూనిట్‌లోనే తల్లికి మంచం వేశారు, బాలింతగా ఆమెకు కావలసిన వైద్యం కూడా అక్కడికే తెచ్చి ఇచ్చారు. ఆమె లేవలేకపోతే బంధువుల్లో ఇంకొకరు ఆ పని చేశారు. యూనిట్‌లో ఉన్నన్ని రోజులూ ఈ పిల్లలు రోజుకు దాదాపు 17 గంటలు ఒంటికి ఒళ్లు ఆనించి ఉన్నారు. పాత పద్ధతిలో అది గంటన్నర.

28 రోజుల్లో చనిపోయినవాళ్లు పాత పద్ధతిలో నూటికి 15.7 మంది, వెంటనే తల్లి దగ్గర ఉన్నవాళ్లలో 12 మంది. తేడా ఎంత స్పష్టంగా కనబడిందంటే, ట్రయల్‌ను గడువుకు ముందే ఆపేయమని పర్యవేక్షణ కమిటీ చెప్పింది. మిగిలిన పిల్లలను పాత పద్ధతిలో ఉంచడం న్యాయం కాదని. ఇంకొక సంగతి కూడా గమనించండి, ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులు కూడా తల్లులున్న వైపే తక్కువ. ఏ భయంతో ఆమెను బయట నిలబెట్టామో ఆ భయానికే ఆమె మందయింది.

2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలను మార్చింది. నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ పుట్టాక వీలైనంత త్వరగా కంగారూ కేర్ మొదలుపెట్టాలి, రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వాలి. సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ, వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ విషయంలో ఆ ‘వెంటనే’ వర్తించదు, అదీ నిజమే. కానీ మన యూనిట్లలో ఆగిపోతున్నది వాళ్ల దగ్గర కాదు. సీప్యాప్ మీద, అంటే ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే యంత్రం సాయంతో, నిలకడగా ఊపిరి తీసుకుంటున్న బిడ్డ దగ్గరా, పాలగొట్టం తప్ప ఇంకేదీ లేని బిడ్డ దగ్గరా ఆగుతోంది. రోజుకు కనీసం 8 గంటలని సూచన ఉంటే, రెండుపూటలా అరగంట సందర్శన వేళలు పెట్టుకుని దాన్ని ఎలా నెరవేరుస్తాం? లెక్క కుదరదు.

మొదటిసారి బిడ్డను తల్లి గుండెల మీదికి చేర్చడం మీలో చాలామంది దగ్గరుండి చూసి ఉండరు. రౌండ్స్ అయిపోయాక జరిగే పని అది. సీప్యాప్ మీద ఉన్న 1,100 గ్రాముల బిడ్డ అనుకోండి. ముందు తల్లిని బాత్రూముకు వెళ్లి రమ్మంటాం, కడుపునిండా నీళ్లు తాగమంటాం. కూర్చుంటే కనీసం గంటసేపు కదలకూడదు, బిడ్డ నిద్ర ఒక విడత పూర్తి కావడానికి అంతసేపు పడుతుంది. కుర్చీ వాలుస్తాం. గొట్టాలను ఆమె భుజం మీదుగా తెచ్చి టేపు వేస్తాం. ఒకరు బిడ్డను, ఒకరు వైర్లను పట్టుకుంటాం. కాళ్లూ చేతులూ లోపలికి ముడిచి గుడ్డలో పొదివి ఎత్తాలి. అలా కాకుండా వెల్లకిలా గాల్లోకి లేపితే బెదిరిపోయి చేతులు బార్లా చాచేస్తుంది. ఒంటి మీద డైపరు, తలకు టోపీ, అంతే. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా ఆనించి, తొడలు ఎడంగా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకుండేలా సర్దుతాం. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అడ్డుపడుతుంది. పైనుంచి గుడ్డ చుట్టి కట్టేస్తాం.

మొదటి కొన్ని నిమిషాలు మానిటర్ గోల పెడుతుంది. ఎత్తి దించిన కుదుపుకి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోతుంది. సరిగ్గా ఇక్కడే చాలాచోట్ల “చూశారా, బిడ్డకు పడటం లేదు” అని తీసి వార్మర్లో పెట్టేస్తారు. తల్లి కూడా అదే నమ్ముతుంది, తన ఒళ్లు బిడ్డకు పడలేదని. కాస్త ఓపిక పట్టాలి. తలను మళ్లీ సర్ది, గొట్టం వంపు తిరిగిందేమో చూసి, కనిపెట్టుకుని నిలబడితే అంకెలు వాటంతటవే పైకొస్తాయి. గుండె వేగం నెమ్మదిస్తుంది, ఊపిరి లయ దొరుకుతుంది. బిడ్డ చల్లబడితే తల్లి ఛాతీ వెచ్చబడుతుంది. ఏ వార్మరూ అంత సూక్ష్మంగా చేయలేని పని. కాసేపటికి తల్లి భుజాలు కిందికి దిగుతాయి. అప్పటిదాకా బిగపట్టుకుని కూర్చుందని అప్పుడుగానీ మనకు తెలియదు.

బయటికి తీయడానికి ఇంకా వీలుకాని పిల్లల తల్లులకు చేతులు ఎలా వాడాలో నేర్పుతాం. ఎవరైనా బిడ్డను చూడగానే వేలితో మెల్లగా నిమురుతారు. 27, 28 వారాల బిడ్డకు ఆ నిమరడం చిరాకు. పలుచటి చర్మం, ఇంకా పదునెక్కని నరాలు. అరచేతులు వెచ్చచేసుకుని, ఒకటి తలకు, ఒకటి పాదాలకు ఆనించి, కదపకుండా ఉంచాలి. సూదులు, ప్లాస్టర్లు, గొట్టాలు తప్ప మనిషి స్పర్శ అంటే ఏమిటో తెలియని ఆ ఒంటికి నొప్పి పుట్టించని చేయి తగలడం అదే మొదలు కావచ్చు. నేర్పడానికి పది నిమిషాలు పట్టదు. తల్లి ముఖంలో ఆ పూట వచ్చే మార్పు మాత్రం నేను ఏ కేస్ షీట్‌లోనూ రాయలేను.

ఇంకా ముఖ్యమైనది బిడ్డ చెప్పేది వినడం. వేళ్లు విచ్చుకుపోయి చేతులు బిగుసుకుంటే, వరసగా ఎక్కిళ్లో తుమ్ములో ఆవులింతలో వస్తుంటే, నోటి చుట్టూ రంగు మారితే ‘ఇక చాలు, వదిలేయండి’ అని. చేయి నోటిదాకా తెచ్చుకుంటే, వేలు దొరికితే పట్టుకుంటే, ఒళ్లు ముడుచుకుని కుదురుకుంటే ‘బాగుంది’ అని. పక్కన గంటలకొద్దీ కూర్చున్న తల్లికి ఇవన్నీ రెండు మూడు రోజుల్లో పట్టుబడిపోతాయి. రోజుకు పది నిమిషాలు వచ్చే తల్లికి ఎన్నాళ్లకూ పట్టుబడవు. ఒక తల్లి ఒకరోజు మధ్యాహ్నం నాతో, “ఏంటో సిస్టర్, వీడు ఇవాళ నా గొంతు వింటున్నా కళ్లు తెరవట్లేదు, ఒళ్లు అదోలా వదిలేశాడు” అంది. మానిటర్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డ్యూటీ డాక్టరు ఆ మాటను కొట్టిపారేయకుండా రక్తపరీక్షకు పంపారు. ఇన్ఫెక్షన్ మొదలవుతోంది. వేలకు వేలు పోసి కొన్న అలారం అప్పటికింకా నోరు తెరవలేదు.

ఇక్కడ మీ అందరికీ, మా నర్సులకు కూడా ఒక మాట. కొందరు తల్లులకు బిడ్డను చూసినప్పుడు ఏమీ అనిపించదు. ప్రేమ పొంగుకురాదు. దూరంగా నిలబడి బరువెంత, ఎన్ని రోజులుంచాలి అని అడిగి వెళ్లిపోతారు. ఎత్తుకోమంటే వద్దంటారు. అలాంటి తల్లి తలుపు దాటగానే “ఈవిడకు బిడ్డ మీద ప్రేమే లేదు” అనే మాట డ్యూటీ రూముల్లో వినిపిస్తుంది. తప్పు మాట అది. బతుకుతుందో లేదో తెలియని బిడ్డ మీద మనసు పెట్టుకోవడానికి భయపడే మనిషి ఆమె. ‘నా ఒంట్లోనే ఏదో లోపం, అందుకే నిలుపుకోలేకపోయాను’ అని లోపల్లోపల కుమిలిపోతుంటుంది. నెలలు నిండని పిల్లల తల్లుల్లో డిప్రెషన్ మామూలు బాలింతల కంటే ఎక్కువని మనకు తెలుసు. బిడ్డ ఫైలు మందంగా ఉంటుంది, తల్లి మనసు ఎలా ఉందో రాసే కాగితం ఒక్కటి ఉండదు.

బంధం గురించి మాట్లాడేటప్పుడు తల్లిని బెదిరించకూడదని కూడా నేనంటాను. 1970లలో మార్షల్ క్లౌస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు పుట్టిన తొలి గంటలు తల్లీబిడ్డల బంధానికి చాలా కీలకమన్నారు. ఎన్నో ఆసుపత్రుల తలుపులు తెరిపించింది ఆ మాటే, దానికి వాళ్లకు దండం పెట్టాలి. అయితే ఆ గంటలు జారిపోతే బంధం ఇక కుదరదనే అర్థం తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. వారం తర్వాత ఎత్తుకున్న తల్లికీ బంధం కుదురుతుంది, నెల తర్వాత ఎత్తుకున్న తల్లికీ కుదురుతుంది. కాబట్టి “మీరు ఆ గంట పోగొట్టుకున్నారు” అని కౌన్సెలింగ్ పేరుతో ఎవరూ చెప్పకండి. ఆమె పోగొట్టుకోలేదు, మనం ఇవ్వలేదు. ఇక ముందైనా ఇద్దాం.

పాల విషయం కూడా ఇలాగే తయారైంది. ముర్రుపాలు చుక్కలుగానైనా సరే మొదటి కొన్ని గంటల్లోనే పిండటం మొదలుపెట్టాలి, రాత్రితో కలిపి రోజుకు ఎనిమిదిసార్లు పిండాలి, ఆ పాలు పేగులు కుళ్లే జబ్బు నుంచి బిడ్డను కాపాడతాయి. ఇవన్నీ తల్లికి బాగానే చెబుతాం. ఎక్కడ పిండాలో మాత్రం చెప్పం. వార్డు బాత్రూములోనో, నలుగురూ తిరిగే కారిడార్ చివరనో పిండి, సీసా మీద పేరు రాసి, తలుపు సందులోంచి అందించి వెళ్లిపోవాలి. సరుకు దింపి పోయినట్టు. “రేపటికి ఇంకొంచెం ఎక్కువ తేండమ్మా” అని లోపలి నుంచి ఒక గొంతు. బిడ్డ పక్కన కూర్చుని, బిడ్డను చూస్తూ, ఆ వాసన తగులుతుంటే పాలు ఎలా దిగుతాయో ఒక్కసారి పంపును వార్మర్ పక్కకు తెచ్చి చూడండి. ఒక అడ్డుతెర చాలు.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చోటు లేదంటారు. నిజమే, కొన్ని యూనిట్లలో రెండు వార్మర్ల మధ్య మనిషి ఒంటిగా నడవడానికే కష్టం. అక్కడ ఆ ఇరుకే ముందు పరిష్కరించాల్సిన సమస్య, తల్లి కాదు. ట్యూబు ఊడిపోతే బాధ్యత ఎవరిదంటారు. నేర్పుగా చేస్తే ఊడదు. నేర్పించే బాధ్యత మాది, అందుకు టైమిచ్చే బాధ్యత మీది. స్టాఫ్ తక్కువంటారు. ఈ ఒక్కదాని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే బయటికి చెప్పుకోని అసలు అడ్డంకి మా వైపే ఉంది.

మాకు ఎవరైనా చూస్తుంటే పని చేయడం ఇష్టం ఉండదు. సూది రెండోసారి గుచ్చాల్సి వచ్చినప్పుడు తల్లి కళ్ల ముందు గుచ్చడం కష్టం. ఇద్దరే నర్సులున్న రాత్రి డ్యూటీలో పన్నెండుమంది పిల్లలతో పాటు పన్నెండుమంది తల్లుల ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ప్రాణం విసుగెత్తుతుంది. తల్లి ఉంటే పని పెరుగుతుందని మాలో చాలామంది అనుకోవడం అందుకే. మొదటి వారం నిజంగానే పెరుగుతుంది కూడా. రెండో వారానికి డైపరు మార్చడం, టెంపరేచర్ చూడటం, గొట్టంలో పాలు పోసేటప్పుడు సిరంజి పట్టుకోవడం, నోరు తుడవడం తల్లి చేస్తుంది. ఒక్క బిడ్డను మాత్రమే చూసుకునే మనిషి, షిఫ్టు మారినా మారని మనిషి, యూనిట్ మొత్తంలో ఆమె ఒక్కతే. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 యూనిట్లలో తల్లిదండ్రులకు ఇలా సంరక్షణ అప్పగించి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. పిల్లలు బరువు బాగా పెరిగారు, తల్లిదండ్రుల ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. స్టాక్‌హోంలో తల్లిదండ్రులు రాత్రీ పగలూ అక్కడే ఉండేలా గదులిస్తే పిల్లలు సగటున అయిదు రోజులు ముందే ఇంటికెళ్లారు. ఖర్చుల పట్టిక తయారుచేసే పెద్దలు ఈ అయిదు రోజులను ఒకసారి పడకల లెక్కలోకి మార్చి చూసుకోవాలి.

అలాగని నర్సుల సంఖ్య పెంచకుండా, తల్లి ఉందిగా అని పని ఆమె మీదికి నెట్టేస్తే మాత్రం ఈ ఉత్తరం రాసినందుకు నేనే బాధపడాల్సి వస్తుంది. ఆమె బాలింత. బీపీ మాత్రలు వేసుకోవాలి, కుట్లు మానాలి, తినాలి, పడుకోవాలి. ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉండొచ్చు. రోజంతా ఉండలేని తల్లిని దోషిలా చూడకూడదు. ఆమె ఉండలేని వేళ తండ్రి ఛాతీ ఉంది, అమ్మమ్మో నానమ్మో ఉన్నారు. తండ్రుల గుండెల మీద కూడా పిల్లలు హాయిగానే నిద్రపోతారు, కాకపోతే చాలామంది తండ్రులను మనం మందులు తేవడానికీ బిల్లులు కట్టడానికీ తప్ప పిలవం. కవలలైతే చెరొకరి మీద ఒకరు.

బతకని పిల్లల గురించి కూడా రాయాలి, రాయకుండా దాటేస్తే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఎంత చేసినా కొందరు దక్కరు. ఆ సంగతి మనకు తల్లికంటే ముందే, ఒక్కోసారి ఒకరోజు ముందే తెలుస్తుంది. ఆ రోజు కూడా సందర్శన వేళలే నడిస్తే, ఆ తల్లి తన బిడ్డను మొట్టమొదటిసారి ఎత్తుకునేది ఊపిరి ఆగిపోయాక. అలా జరగడం నేను చూశాను. ఇంకోలా జరగడం కూడా చూశాను. తీయగలిగిన వైర్లన్నీ తీసేసి, తెర లాగి, బిడ్డను అమ్మ గుండెల మీద పెట్టి మేం పక్కకు తప్పుకోవడం. తర్వాత ఎంతోకాలానికి ఆ రెండో తల్లి ఆసుపత్రికి వచ్చింది, ఇంకో కాన్పు కోసం. “ఆ పూట నా దగ్గరే ఉన్నాడు సిస్టర్” అంది. మొదటి తల్లి ఏమనుకుంటోందో నాకు తెలియదు. ఆమె మళ్లీ మా ఆసుపత్రి గడప తొక్కలేదు.

డిశ్చార్జ్ ముందు రెండు రాత్రులైనా తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచి, మేం పిలిస్తే పలికే దూరంలో ఉండే ఏర్పాటు కూడా అడుగుతున్నాను. ఇంటికెళ్లాక వచ్చే భయాలన్నీ అక్కడే బయటపడి అక్కడే తీరిపోతాయి. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చేసిన యూనిట్లకు తెలుసు.

ఇక చేయాల్సిన పని. రేపటి నుంచి పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి రెండున్నాయి. సందర్శన వేళల బోర్డు కింద ‘తల్లికీ తండ్రికీ ఈ వేళలు వర్తించవు’ అని ఒక వాక్యం రాయించి, సెక్యూరిటీ వాళ్లకు నోటితో కూడా చెప్పండి. బోర్డు మారినా గేటు దగ్గర మనిషి మారకపోతే లాభం లేదు. రెండోది, కేస్ షీట్‌లో టెంపరేచర్‌కు, బరువుకు, పాలకు గడులున్నట్టే ‘తల్లి గుండె మీద ఎన్ని గంటలు’ అనే గడి కలపండి. రౌండ్స్‌లో శాచురేషన్ ఎంత అని అడిగే డాక్టరు ఆ గడిలో ఎంతుందని కూడా అడగాలి. డాక్టరు అడిగేది మర్నాటికి తప్పకుండా నిండుతుంది, అడగనిది ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది. ఇది ఎన్‌ఐసీయూలో పనిచేసిన ఎవరైనా ఒప్పుకునే సంగతి.

ఖర్చయ్యేది కుర్చీలు, మంచాలు, ఇంకా మనుషులు. వచ్చే కొనుగోళ్ల సమావేశంలో వాటిని కూడా పెట్టండి. కుర్చీలు ఎంచేముందు మమ్మల్ని పిలవండి. వాల్చేటప్పుడు కుదుపు ఉండకూడదు, కాళ్లు చాపుకోవడానికి ఆసరా ఉండాలి, ఆపరేషన్ అయిన మనిషి పొట్ట నొక్కుకోకుండా లేవగలిగేలా కుర్చీ చేతులు గట్టిగా ఉండాలి, షిఫ్టు షిఫ్టుకూ తుడిస్తే పాడుకాని రెక్సిన్ అయి ఉండాలి. వార్మర్‌కు ఎటు పక్క వేస్తే గొట్టాలు అందుతాయో కొలిచి చెబుతాం.

ఇట్లు,
ఒక ఎన్‌ఐసీయూ నర్సు